వంకర మెడ కుండ

గంగరత్నకు రెండు పనులు రావు. ఒకటి, నలుగురిలో నోరు తెరిచి మాట్లాడటం. రెండు, బొమ్మలు వేయడం. మొదటిది రానందువల్ల నష్టపోయింది గంగరత్న ఒక్కతే. రెండోది రానందువల్ల మాత్రం ఒక ఊరు ఊరంతా నష్టపోయింది.

ముళ్ళబండ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్లకు హాజరు పలకడమే ఒక పరీక్ష. సారు పేరు పిలిస్తే జవాబు గొంతు దాకా వచ్చి, అక్కడ కాసేపు కూర్చుని, తర్వాతి అమ్మాయి పేరు పిలిచాక గానీ బయటికి వచ్చేది కాదు. అందువల్ల రిజిస్టరు ప్రకారం ఆమె సగం రోజులు బడికే రాలేదు. చెప్పలేని మాటలన్నీ ఒక డైరీలో రాసుకునేది. అది ఎరువుల దుకాణం వాళ్ళు ఊరికే ఇచ్చిన డైరీ. ప్రతి పేజీ అడుగునా చీడపీడల గురించి ఒక మంచి మాట ఉండేది.

అమ్మా నాన్నా బెంగుళూరులో కట్టడం పనికి పోయారు. ఇంట్లో ఉండేది గంగరత్న, ఆమె జేజి అని పిలిచే నాయనమ్మ సుంకమ్మ, ఒక మేక, ఒక నిమ్మచెట్టు. ఊరి బోర్లన్నీ ఎండిపోయిన ఏడు జేజి నాటిన చెట్టు అది. నాలుగు రోజులకోసారి ట్యాంకరు వచ్చే ఆ ఊళ్ళో, ఆ వీధి మొత్తానికి పచ్చగా కనిపించేది అదొక్కటే. ఎండాకాలంలో ఎవరికి వడదెబ్బ తగిలినా, డాక్టరు దగ్గరికి పోయేముందు నిమ్మకాయ కోసం జేజి దగ్గరికే పరుగెత్తుకొచ్చేవాళ్ళు. పాతికేళ్ళుగా ఊరు ఆ చెట్టు నీడనే తేరుకుంటూ వచ్చింది.

అలాంటి ఊరికి ఒకరోజు వ్యాసరచన పోటీ వచ్చింది. పెట్టినవాళ్ళు శుష్కప్రాంత సుస్థిరతా మండలి. ఆ పేరు ఊపిరి తీసుకోకుండా పలకగలిగినవాళ్ళు ఊళ్ళో లేనందువల్ల అందరూ దాన్ని ఎడారాఫీసు అనేవారు. అంశం, ఉత్తర ఆఫ్రికాలోని ఒక దేశంలో పర్యావరణ పరిస్థితులు, సుస్థిర చర్యలు. దేశం పేరు చెబితే వాళ్ళు నొచ్చుకుంటారు గనుక మనం కూడా ఎడారి దేశం అనే అనుకుందాం.

"ఎవరు రాస్తారు?" అన్నాడు సోషల్ చెప్పే వన్నూరప్ప సారు.

ఎవరూ చెయ్యెత్తలేదు.

"మాట్లాడే పని ల్యాదు. ఊరికే రాసిస్తే సాలు."

ఆ మాట విని గంగరత్న చెయ్యెత్తింది. ఆమె జీవితంలో చేసిన మొదటి సాహసం అది. ఫలితం ఇదిగో, ఈ కథ.

పాఠ్యపుస్తకంలో ఎడారి దేశం గురించి నాలుగు వాక్యాలున్నాయి. వాన తక్కువ. ఇసుక ఎక్కువ. ఖర్జూరాలు పండును. ఒంటెలు తిరుగును. వ్యాసం ఎనిమిది పేజీలుండాలి. గంగరత్న అక్షరాలు లావుగా రాసి, నాలుగు వాక్యాలనూ ఒక పేజీ దాకా సాగదీసింది. ఇంక ఏడు పేజీలు మిగిలాయి. ఏం చేయాలో తోచక వాకిట్లోకి చూసింది. అక్కడ జేజి నిమ్మచెట్టుకు నీళ్ళు పోస్తోంది.

జేజి పద్ధతి ఇదీ. చెట్టు చుట్టూ మూడు మట్టికుండలు మూతిదాకా పూడ్చిపెట్టి ఉంటాయి. మొహం కడిగిన నీళ్ళూ, బియ్యం కడిగిన నీళ్ళూ వాటిలో పోస్తుంది. కుండ నెమ్మదిగా చెమర్చుతుంది. ఆ చెమ్మ వెతుక్కుంటూ వేళ్ళు వచ్చి కుండను కరుచుకుంటాయి. మేక మూతి పెట్టకుండా పైన ముళ్ళకంప. పోస్తున్నంతసేపూ చెట్టును తిట్టడం జేజికి అలవాటు.

"నీ మొగం మాడ! తాగు! ట్యాంకరు నీళ్ళు తాగి నాలుగు కాయలిచ్చేకి పానం పోతాదా నీకు? సిగ్గుండాల!"

గంగరత్న పెన్ను అందుకుంది. నిమ్మచెట్టు ఉన్నచోటల్లా ఖర్జూరమని రాసింది. మేకను ఒంటె చేసింది. జేజిని 'ఒక ఎడారి వృద్ధురాలు' అంది. అప్పటికీ అరపేజీ మిగిలితే, ఆ వృద్ధురాలు చెట్టుతో రోజూ మాట్లాడుతుందనీ, సాయంత్రం రాగిసంగటి తింటుందనీ కలిపింది. చివర్లో కుండ బొమ్మ వేసింది. మెడ ఒకవైపు గీస్తే రెండోవైపు కుదరలేదు. కుదర్చబోతే మొత్తం మెడే ఎడమకు వాలిపోయింది. చెరపబోతే పెన్ను కక్కిన నీలం సిరా కుండంతా పాకింది. అప్పటికే ట్యాంకరు హారన్ వినిపించడంతో అలాగే మడిచి, బిందె తీసుకుని పరుగెత్తింది.

ఆ వ్యాసానికి జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది.

బహుమతి సభలో మండలి ఉప సంచాలకులు పరాంకుశరావు గారు వ్యాసాన్ని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నారు. "ఇది వ్యాసం కాదు. ఒక దార్శనిక పత్రం. సముద్రాలకు ఆవల ఒక నిరక్షరాస్య వృద్ధురాలు సాధించినది మన ప్రాంత ప్రజలు ఎందుకు సాధించలేకపోతున్నారు? అవగాహనా రాహిత్యం! కావున ఎడారి దేశపు నమూనాను ప్రయోగాత్మకంగా ముళ్ళబండ గ్రామంలోనే అమలుపరచ నిశ్చయించడమైనది."

గంగరత్న వేదిక దిగివచ్చి వన్నూరప్ప సారు దగ్గర నిలబడి, మూడుసార్లు నోరు తెరిచి, నాలుగోసారి అంది. "సార్, అది మా జేజి సార్."

"యాడ? సభకు వచ్చిందా?"

"కాదు సార్. వ్యాసంలో."

సారుకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నేనూ అనుకుంటి, ఎడారిలో సంగటి యాడిదని. సూడు పాపా, మన బడికి ఇరవై ఏండ్లలో వచ్చిన ఒకే ఒక షీల్డు ఇది. రొండు నాళ్ళు గమ్మునుండు. నీకు అలవాటే గదా!"

అలవాటే. గమ్మునుండటంలో గంగరత్నను మించినవాళ్ళు జిల్లాలో లేరు.

మార్చి నెలలో కుండలు వచ్చాయి. ఊళ్ళో నాలుగువందల పన్నెండు ఇళ్ళు, ఇంటికి మూడు కుండలు. ప్రతి కుండకూ మెడ ఎడమకు వాలి ఉంది. ప్రతి కుండకూ నిగనిగలాడే నీలం పెయింటు. వ్యాసంలోని బొమ్మకు అణుమాత్రం తేడా రాకూడదని మండలి ఆదేశమట. వాలిన మెడ గాలి దిశను అనుసరించి ఆవిరిని అరికడుతుందనీ, నీలం రంగు సూర్యకిరణాలను వెనక్కి పంపుతుందనీ, ఇద్దరు నిపుణులు పద్నాలుగు పేజీల నివేదిక కూడా ఇచ్చారు.

కుండలు దించిన కుమ్మరి తిమ్మప్ప జేజి అరుగు మీద కూలబడ్డాడు.

"సుంకమ్మక్కా, నలభై ఏండ్లు కుండ వంకర పోకుండా సూసుకునేకే నా బతుకంతా పాయ. ఇప్పుడు వంకర పోకుంటే తీసుకోమంటారు! సారె మీద తిన్నంగా వచ్చిన దాన్ని మళ్ళా సేత్తో పట్టుకుని వంచాల. మనిషికి మెడ పట్టేసినట్ల ఉండ్లా? ఆ బొమ్మ గీసినోడెవడో గాని, వాని సెయ్యి ఇరగ!"

మంచినీళ్ళ చెంబు తెచ్చిన గంగరత్న ఆ చెయ్యిని గబుక్కున వెనక్కి దాచుకుంది. చెంబు ఎడమచేత్తో ఇచ్చింది.

తర్వాత శిక్షణ ఇవ్వడానికి కిరీటి అనే మాస్టర్ ట్రైనర్ దిగాడు. టోపీ, మెడలో కార్డు, చేతిలో ట్యాబు. ఇంటింటి వివరాలు ఎక్కిస్తూ జేజి దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, మీ గృహంలో ఒంటెలెన్ని?"

జేజి మేక వైపు చూసింది. "దాన్ని సూసి అడుగుతాండావా నాయనా?"

"లేదమ్మా, ఒంటెలు. ఒంటె నిరోధక కంచె వేయాలి గదా. ఎనిమిదడుగుల ఎత్తు."

"మా ఊళ్ళో ఒంటెల్యాడియి?"

"సున్నా కొడితే ముందుకు పోవడం లేదమ్మా. కనీసం ఒకటన్నా ఉండాలి."

"పాపం, ఎండలో ఎంతసేపు నిలబడతావు! ఒగటి ఏసుకో. మేత మాత్రం నువ్వే ఎయ్యాల."

అలా జేజి ఒక ఒంటెకు యజమానురాలైంది. సాయంత్రానికి ముళ్ళబండలో నాలుగువందల పన్నెండు ఒంటెలు నమోదయ్యాయి. జిల్లాలో అంతకుముందు ఒక్కటీ లేకపోవడంతో, ఒంటెల వృద్ధిరేటు ఎంతో లెక్కగట్టడం ఎవరివల్లా కాలేదు.

మూడో రోజు పరీక్ష. నెగ్గినవాళ్ళకే ధ్రువపత్రం. ధ్రువపత్రం లేనివాళ్ళు చెట్లకు నీళ్ళు పోయకూడదు.

"కుండ మెడ ఏ దిక్కుకు వాలి ఉండాలి?" అని అడిగాడు కిరీటి.

"కుండకు మెడ వాలితే దాన్ని పగిలిందంటారు," అంది జేజి.

"తప్పు. మొక్కతో రోజుకు రెండు నిమిషాలు సానుకూల సంభాషణ చేయాలి. ఏదీ, చేసి చూపించండి."

జేజి చెట్టు వైపు తిరిగింది. "ఏమే, ముదనష్టపుదానా! నిన్ను పొగడాలంట! ఏం వెలగబెట్టినావని పొగడాల?"

కిరీటి కళ్ళు మూసుకున్నాడు. "అమ్మా, ఆఫ్రికాలోని ఆ అవ్వ ఇలా మాట్లాడి ఉండదు."

"ఆయమ్మ చెట్టు సంగతి నాకు తెల్దు నాయనా. దీన్ని తిడితేనే కాస్తాది. మా ఇంటాయన గూడ అంతే ఉండె."

పన్నెండు మార్కులకు జేజికి రెండు వచ్చాయి. ఆ రెండూ పేరు రాసినందుకు. జేజి లాగే పొలం, పాదు, చెట్టు తెలిసిన ముసలివాళ్ళందరూ తప్పారు. ఎప్పుడూ మొక్క మొహం చూడని సెల్‌ఫోను కొట్టు ఓబులేసు మాత్రం పన్నెండుకు పన్నెండు తెచ్చుకుని, జేజి చెట్టుకు అధికారిక పోషకుడిగా నియమితుడయ్యాడు. పాత కుండలు మూడూ తవ్వి తీసి, 'అనధికార కుండలు' అని చీటీ కట్టి పట్టుకెళ్ళారు. ఆ గుంతల్లో నీలం కుండలు దిగాయి. చుట్టూ ఎనిమిదడుగుల కంచె లేచింది. ఒంటె సంగతేమో గానీ, జేజి మాత్రం లోపలికి రాలేకపోయింది.

నీలం పెయింటు వేసిన కుండ చెమర్చదు. ఈ సంగతి తిమ్మప్పకు తెలుసు, జేజికి తెలుసు, చెట్టుకు అందరికంటే ముందు తెలిసింది. కుండ నిండుగా ఉంటుంది, పక్కన మట్టి పిండిలా రాలుతుంటుంది. ఏప్రిల్ మొదటి వారానికి ఆకులు ముడుచుకున్నాయి. రెండో వారానికి పిందెలు రాలాయి. ఓబులేసు రోజూ కంచె తాళం తీసి, కుండలో కర్ర ముంచి చూసి, 'నీటి వినియోగం శూన్యం' అని ట్యాబులో కొట్టేవాడు. మండలి ఆ నెల ప్రకటన విడుదల చేసింది. ముళ్ళబండలో నీటి పొదుపు నూటికి నూరు శాతం.

ఆ వారమే ఎదురింటి నాగప్పకు వడదెబ్బ తగిలింది. వాళ్ళ కోడలు గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చి, కంచె అవతల చెట్టును చూసి, ఏమీ అడగకుండానే వెనక్కి తిరిగింది. జేజి అరుగు మీద కూర్చుని ఉంది. తిట్టడం కూడా మానేసింది.

"తిట్టు జేజీ," అంది గంగరత్న.

"సచ్చేదాన్ని తిట్టకూడదు లేమే," అంది జేజి.

నోటితో చెప్పడం రాదు కాబట్టి, గంగరత్న డైరీలోంచి నాలుగు కాగితాలు చించి మండలికి అర్జీ రాసింది. ఎడారి వృద్ధురాలు మా జేజి అని, ఒంటె మా మేక అని, కుండ మెడ వంకర కాదు, నా చెయ్యి వంకర అని. తొమ్మిది రోజులకు జవాబు వచ్చింది.

'మీ అర్జీ పరిశీలించడమైనది. ఎడారి దేశపు విషయాలపై మీకు తగిన అవగాహన లేదని మండలి గుర్తించడమైనది. మరిన్ని వివరాలకు జిల్లా ప్రథమ బహుమతి పొందిన వ్యాసమును చదువుకొనగలరు. ప్రతి ఒకటి జతపరచడమైనది.'

జతపరచిన వ్యాసం ఆమెదే. చదివితే ఆమెకే ఒక్క క్షణం నమ్మబుద్ధి అయింది.

ఏప్రిల్ ఆఖరుకు కబురు వచ్చింది. ఎడారి దేశం నుంచి సాక్షాత్తూ ఒక ప్రతినిధి వస్తున్నారు, నమూనా గ్రామాన్ని చూస్తారు, గంగరత్న వేదిక మీద వ్యాసం చదవాలి. సభ జేజి ఇంటి ముందే. ఎందుకంటే ఊళ్ళో అందరికంటే బాగా ఎండిన చెట్టు అదే. దానికి ఒక బోర్డు తగిలించారు: 'పాత పద్ధతి వల్ల కలిగిన నష్టం'. పక్కన బల్ల మీద జేజి పాత కుండలు, చీటీలతో సహా.

ప్రతినిధి పేరు సల్మా. యాభై దాటిన మనిషి, తలకు గుడ్డ, కాళ్ళకు దుమ్ముపట్టిన బూట్లు. ఆమె మాటలు తెలుగు చేయడానికి పట్నం నుంచి ఒక లెక్చరర్ వచ్చింది. సల్మా దిగీ దిగగానే ఏదో అడిగింది.

"నాలుగువందల పన్నెండు ఒంటెలు ఎక్కడున్నాయని అడుగుతున్నారు," అంది లెక్చరర్.

పరాంకుశరావు గారు తడుముకోలేదు. "మేతకు వెళ్ళాయి."

"అన్నీనా?"

"క్రమశిక్షణ గల ఒంటెలు."

ఆ తర్వాత గంగరత్నను మైకు ముందు నిలబెట్టారు. చేతిలో వ్యాసం. ఎదురుగా ఊరు ఊరంతా. మొదటి వాక్యం కోసం కళ్ళెత్తితే, కంచె పక్కన స్టూలు మీద జేజి కనిపించింది. మాట్లాడవద్దని చెప్పి కూర్చోబెట్టారు. నిమ్మచెట్టు నుంచి ఎండుటాకులు రాలి కంచె సందుల్లోంచి బయటికి వస్తుంటే, జేజి ఒక్కొక్కటే ఏరి ఒళ్ళో వేసుకుంటోంది.

"ఇది ఆ దేశం కాదు," అంది గంగరత్న.

ఎవరికీ వినపడలేదు. మైకు అతను సౌండు పెంచాడు. మైకు కీచుమంది. ఈసారి ఊరంతటికీ వినపడింది.

"ఇది ఆ దేశం కాదు సార్. మా జేజి. నాకు ఆ దేశం తెల్దు. పుస్తకంలో నాలుగు లైన్లే ఉన్నాయి. ఖర్జూరం కాదు, ఆ నిమ్మచెట్టే. ఒంటె కాదు, మా మేక. మీరు పరీక్షలో తప్పించినారే, ఆయమ్మే సార్ మీ ఎడారి అవ్వ!"

జనంలోంచి ఎవరో అన్నారు. "అదీ, నేను అప్పుడే అనుకుంటి! ఎడారోళ్ళు సంగటెప్పుడు తిన్యారని!"

పరాంకుశరావు గారు మైకు లాక్కున్నారు. "చిన్నారి భావోద్వేగానికి లోనైనది. ఈ వ్యాఖ్యలను రికార్డుల నుండి..."

కానీ సల్మా అప్పటికే లేచి కంచె దగ్గరికి నడిచింది. ఓబులేసు తాళం తీశాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని మట్టి గీరింది. కుండలో వేలు ముంచింది. జేబులోంచి తాళంచెవి తీసి పెయింటు గోకింది. తర్వాత బల్ల దగ్గరికి వెళ్ళి, చీటీ తెంపి, జేజి పాత కుండ ఒకటి ఎత్తుకొచ్చింది. జేజి స్టూలు దిగి లోపలికి దూరింది. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి రాకుండానే నీలం కుండను పెరికి, పాత కుండను దాని గుంతలో కూర్చోబెట్టారు. సల్మా తన సీసాలో నీళ్ళన్నీ అందులో పోసింది. చేతులు దులుపుకుని ఏదో చెప్పింది.

లెక్చరర్ గొంతు సవరించుకుంది. "వాళ్ళ ఊళ్ళో వాళ్ళ నాయనమ్మ అచ్చం ఇట్లాగే చేసేదట. ఇదే కుండ. ఇదే ముళ్ళకంప. మొహం కడిగిన నీళ్ళే పోసేదట. పోస్తున్నంతసేపూ చెట్టును తిట్టేదట."

"విన్నారా!" అన్నారు పరాంకుశరావు గారు, ప్రాణం లేచొచ్చినట్టు. "వ్యాసంలోని ప్రతి అక్షరం యథార్థమని విదేశీ ప్రతినిధి స్వయంగా ధ్రువీకరించారు!"

చప్పట్లు మోగాయి. మూడు నెలలు కడుపులో మోసిన నిజాన్ని గంగరత్న అలా ప్రాణాలకు తెగించి బయటపెడితే, అది నిమిషంలో అబద్ధమైంది. ఆమె ఊహించి రాసిన అబద్ధమేమో నిజమై కూర్చుంది.

సల్మా వంకర కుండను ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకో ప్రశ్న అడిగింది.

"దీని మెడ ఎందుకు ఇలా ఉందని అడుగుతున్నారు," అంది లెక్చరర్.

పరాంకుశరావు గారు నిపుణుల వైపు చూశారు. నిపుణులు కిరీటి వైపు చూశారు. కిరీటి తిమ్మప్ప వైపు చూశాడు. "బొమ్మలో అట్లనే ఉండె సామీ," అన్నాడు తిమ్మప్ప.

"నాకు బొమ్మలు రావు," అంది గంగరత్న. మైకు ఇంకా ఆపలేదు.

"నువ్వేనా మేయ్!" అన్నాడు తిమ్మప్ప.

మర్నాడు ఉత్తర్వులు వచ్చాయి. నీలం కుండలను అలంకరణ సామగ్రిగా పరిగణించాలి. సుంకమ్మ గారి వద్ద స్వాధీనం చేసుకున్న కుండలను 'ఎడారి దేశ ప్రామాణిక కుండలు'గా గుర్తించి, ఆమెకే తిరిగి అప్పగించాలి. కంచె తీసేశారు. ఒంటె మాత్రం రికార్డుల్లో జేజి పేరనే ఉంది. దానికి టీకాలు వేయించమని అప్పుడప్పుడు చీటీ వస్తుంటుంది. జేజి మూడు కుండలూ నింపి, పదిహేను రోజులు ఏమీ మాట్లాడకుండా చెట్టు వైపు చూసింది. పదహారో రోజు పొద్దున ఒక కొమ్మ కణుపు దగ్గర గోరంత పచ్చదనం కనిపించింది.

"ఓసి నీ మొగం మాడ! బతికే ఉండావా!" అంది జేజి. ఎదురింటి కోడలికి వినపడేంత గట్టిగా తిట్టింది.

కథ అంతటితో అయిపోవాలి. కానీ మండలి ఊరుకోలేదు. తిట్టడం అంతర్జాతీయ స్థాయిలో ధ్రువీకరణ పొందినది గనుక, ప్రామాణిక తిట్ల కరదీపిక ఒకటి అచ్చువేయాలని తీర్మానించారు. రాసిపెట్టే పని గంగరత్నకు వచ్చింది. జేజి అడిగితే తిట్టలేదు. కోపం రావాలి. అందుకని గంగరత్న బిందె జారవిడవడం, మేకను విప్పడం, అన్నం మాడ్చడం వంటివి చేసి, వచ్చినవి వచ్చినట్టు రాసుకుంది. మొత్తం నూట ఎనిమిది. వాటిలో సగం చెట్టువి కావని ఆమెకొక్కదానికే తెలుసు.

పుస్తకం తీసుకోవడానికి కిరీటి వచ్చాడు. పేజీలు తిప్పి చూసి సంతోషించాడు. "చాలా బాగుంది పాపా. అట్ట మీద మీ జేజి బొమ్మ ఒకటి వేసివ్వు. మండలి మొత్తం దాన్నే అనుసరిస్తుంది."

గంగరత్న అరుగు మీద కూర్చున్న జేజి వైపు చూసింది. అరవై ఏళ్ళు బిందెలు మోసినా ఆ మెడ ఎటూ వాలలేదు. తను గీస్తే అది ఎటు వాలుతుందో, జిల్లాలో అలాంటి జేజిలు ఎంతమంది ఉంటారో ఒక్క క్షణం ఆలోచించింది.

"వేయను," అంది.

వీధి చివరిదాకా వినపడింది.